వాల్వు వేశారు సరే, గోలీలెవరిస్తారు?

ఏడాదికి ఒకటి రెండుసార్లయినా పేపర్లో ఆ ఫొటో కనబడుతుంది. నీలం రంగు ఆపరేషన్ బట్టల్లో విదేశీ డాక్టర్లు వరసగా నిలబడి ఉంటారు. ముందు ఛాతీ మీద కట్టుతో పిల్లలు, పక్కన తల్లిదండ్రులు. వారం పది రోజుల్లో ఇన్ని గుండె ఆపరేషన్లు ఉచితంగా చేశారని కింద రాసి ఉంటుంది. బ్రిటన్ నుంచి ఒక బృందం కొన్నేళ్లుగా హైదరాబాద్ నిమ్స్‌కు వచ్చి ఇలాగే చేస్తోంది. మంచి పనే. లక్షలయ్యే ఆపరేషన్ కూలినాలి చేసుకునేవాళ్ల పిల్లకు అయిందంటే కాదనడానికి నోరెలా వస్తుంది?

కానీ ఆ ఫొటో చూసినప్పుడల్లా నాకు ఒకటే అనుమానం. ఈ పిల్ల ఇంటికి పోయాక ఎవరు చూస్తారు? వచ్చే నెల ఎవరు, మూడేళ్లకు ఎవరు, పెళ్లయ్యాక ఎవరు? పేద దేశాల్లో గుండె వైద్యం నిలబెడతామని వచ్చే ఏ అంతర్జాతీయ ఒప్పందాన్నయినా ముందు ఈ ప్రశ్న అడిగి, ఆ తర్వాతే ఆపరేషన్ల లెక్క చూడాలని నేనంటాను.

నేను డాక్టర్ను కాను. దేవరకొండలో మాది మెడికల్ షాపు. చుట్టూ తండాలు, ఆ పక్క డిండి, ఇంకా దిగితే అచ్చంపేట. కౌంటరు వెనక నిలబడేవాడికి డాక్టరుకు కనబడనిది ఒకటి కనబడుతుంది. పేషెంటు వస్తేనే డాక్టరుకు తెలుస్తుంది. మందు మానేసినవాడి సంగతి మాకు తెలుస్తుంది, నెలనెలా వచ్చేవాడు రావడం మానేస్తాడు కాబట్టి. గుండె జబ్బు గురించి నాకు తెలిసిందంతా దాదాపు రెండు మందుల వల్ల తెలిసిందే. ఒకటి పెనిడ్యూర్ సూది, రెండోది ఎసిట్రోమ్ గోలీ.

పెనిడ్యూర్ సంగతి ముందు చెబుతాను. చిన్నపిల్లలకు గొంతు నొప్పి వస్తుంది, అందరికీ వచ్చేదే. స్ట్రెప్టోకోకస్ అనే ఒక రకం సూక్ష్మజీవి వల్ల వచ్చిన గొంతు నొప్పికి సరిగ్గా మందు పడకపోతే కొందరికి రెండు మూడు వారాల తర్వాత జ్వరం, కీళ్ల వాపు. ఈ మోకాలు తగ్గిందనుకుంటే ఆ మోచెయ్యి వాస్తుంది. కీళ్లు మళ్లీ బాగైపోతాయి, గుండెలో రక్తాన్ని ఒకే వైపు పోనిచ్చే తలుపుల్లాంటి వాల్వులు మాత్రం బాగుపడవు. ఆ జ్వరం తిరగబెట్టిన ప్రతిసారీ వాల్వు ఇంకాస్త ముడుచుకుపోతుంది. దీన్ని రుమాటిక్ గుండె జబ్బు అంటారు. ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ల మధ్య పట్టుకుంటుంది, ఇరవైల్లోనో ముప్పైల్లోనో ఆయాసంగా బయటపడుతుంది. ధనిక దేశాల్లో దాదాపు మాయమైంది. ఆస్ట్రేలియా ఆదివాసుల్లో మాత్రం ఇంకా ఉందంటే, అది ఏ ఇళ్లను వెతుక్కుంటూ వెళ్తుందో అర్థమవుతుంది. ఒక్క గదిలో ఆరుగురు పడుకునే ఇళ్లు. ప్రపంచం మొత్తం మీద 4 కోట్లకు పైగా మందికి ఈ జబ్బు ఉందని, ఏటా 3 లక్షలకు పైగా దీనితో చనిపోతున్నారని అంచనా. ప్రపంచ ఆరోగ్య సభ దీని మీద తీర్మానం చేసింది 2018లో. పెనిసిలిన్ వచ్చి అప్పటికి డెబ్భై ఏళ్లు దాటింది.

జబ్బు తిరగబెట్టకుండా చేయాల్సింది ఒకటే. 21 రోజులకొకసారి బెంజథీన్ పెనిసిలిన్ సూది, పెనిడ్యూర్ అంటే అదే. పెద్దపిల్లలకు 12 లక్షల యూనిట్లు. ఏళ్ల తరబడి, కనీసం ఇరవై ఒకటో ఏడు వచ్చేదాకా. వాల్వు బాగా చెడినవాళ్లకు నలభై దాకా. ఖరీదు చూస్తే ఏమంత కాదు, అసలు తిప్పలక్కడే ఉంది. చౌక మందు, లాభం తక్కువ, తయారు చేసే కంపెనీలు తక్కువ. డిస్ట్రిబ్యూటర్‌కు ఫోన్ చేస్తే "స్టాక్ లేదన్నా, వచ్చే వారం చూద్దాం" అంటాడు. వచ్చే వారమంటే జబ్బుకు తెలియదు కదా. స్టాక్ ఉన్న రోజున సూది వేసేవాడు దొరకడు. సీసాలో పొడి ఉంటుంది, నీళ్లు కలిపితే చిక్కటి సున్నంలా తయారవుతుంది, సూది మధ్యలో బిగుసుకుపోతుంది, పిల్ల కేకలు పెడుతుంది. పైగా పెనిసిలిన్ పడనివాళ్లకు రియాక్షన్ వస్తుందన్న భయం. ఊళ్లో ఆర్‌ఎంపీ సీసా చూడగానే "ఇది నేనెయ్యను, పెద్దదవాఖానకు పో" అని తేల్చేస్తాడు. అతణ్ని తప్పుపట్టలేం. ఏమన్నా అయితే రాళ్లు పడేది అతని ఇంటి మీదే. రియాక్షన్ వస్తే ఏం చేయాలో నేర్పి, పక్కన ఆ రియాక్షన్‌కు విరుగుడైన ఒక అడ్రినలిన్ ఆంపుల్ పెట్టిస్తే పోయే భయమిది.

ఇప్పుడు ఎసిట్రోమ్. సూది పడక, జబ్బు తెలియక, వాల్వు పాడైపోయిన మనిషికి చివరికి వాల్వు మార్చాలి. పేదవాళ్లకు ఎక్కువగా లోహపు వాల్వే వేస్తారు, చాలాకాలం మన్నుతుంది కాబట్టి. దాని మీద రక్తం గడ్డకట్టకుండా బతికున్నన్నాళ్లూ రక్తం పలచబడే గోలీ వేసుకోవాలి. అదే ఎసిట్రోమ్, కొందరికి వార్ఫరిన్. తక్కువైతే వాల్వు బిగుసుకుపోతుంది, లేదా గడ్డ మెదడుకు పోయి పక్షవాతం. ఎక్కువైతే చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి, లోపల ఎక్కడి నుంచో రక్తం. మధ్యలో సన్నటి దారి. ఆ దారిలో ఉన్నారో లేదో చెప్పేది ఐఎన్ఆర్ అనే రక్త పరీక్ష. గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వు మార్చినవాళ్లకు అది సాధారణంగా రెండున్నరకు, మూడున్నరకు మధ్య ఉండాలి.

మా దగ్గరికి ఒక తండా నుంచి ఒకామె వస్తుంది. హైదరాబాద్‌లో ఆరోగ్యశ్రీ కింద వాల్వు మార్చారు, ఒక్క రూపాయి కట్టలేదు. డిశ్చార్జి కాగితం మీద డాక్టరు గారు రాసిన లెక్క ఇది: సోమ, బుధ, శుక్రవారాలు రెండు మిల్లీగ్రాములు, మిగతా రోజులు మూడు. ఆమెకు చదువు రాదు. కొడుకు మా షాపు క్యాలెండరు తీసుకుపోయి రెండు వేసుకునే రోజులకు పెన్నుతో గుండ్రాలు చుట్టాడు. కొడుకు హాస్టలుకు పోయాక గుండ్రాలు ఆగిపోయాయి. మధ్యలో మోకాళ్లు నొస్తున్నాయని ఎవరో ఇచ్చిన నొప్పి గోలీలు మింగింది. ఎసిట్రోమ్ మీద ఉన్నవాళ్లకు అవి ప్రమాదం. చిగుళ్ల నుంచి రక్తం కారితే భయపడి గుండె గోలీ మానేసి, నొప్పి గోలీ మాత్రం వేసుకుంది. సరిగ్గా తిరగేసింది. "రక్తం కారెటట్టు జేసేదే ఆ గోలీ గదన్నా, అందుకే బంద్ జేసిన" అంది. ఆమె చెప్పినదాంట్లో తప్పేముంది? ఉన్న రెండు గోలీల్లో ఏది మానాలో ఆమెకు చెప్పేవాళ్లు తండాకు దగ్గర్లో లేరు, అంతే.

అడిగితే ఐఎన్ఆర్ చేయించుకుని చాలా నెలలైందట. రక్తం ఇక్కడ ల్యాబులో తీస్తారు, హైదరాబాద్ పంపుతారు, రిపోర్టు మర్నాడు ఫోనుకొస్తుంది. అప్పుడు గోలీ మార్చాలా వద్దా చెప్పాల్సిన డాక్టరేమో రెండు గంటలకు పైగా బస్సు ప్రయాణంలో ఉంటాడు. ఒక రోజు కూలి, చార్జీలు, వెంట ఒక మనిషి. ఆరోగ్యశ్రీలో కొన్ని ఆపరేషన్లకు ఏడాది పాటు మందులిచ్చే ఫాలోఅప్ ఏర్పాటుంది. లోహపు వాల్వు ఏడాదితో తీరిపోయేది కాదు.

ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. ఈ జబ్బు ఆడవాళ్లలోనే ఎక్కువ. ఇరవై రెండేళ్లకు వాల్వు వేస్తారు, ఇరవై నాలుగుకు కడుపుతో ఉంటుంది. మొదటి మూడు నెలల్లో ఈ గోలీలు బిడ్డకు హాని చేయవచ్చు. ఆపితే తల్లికి ప్రాణాపాయం. అప్పుడు రక్తం పలచబడే హెపారిన్ సూదులకు మార్చాలా, గోలీ డోసు తగ్గించి కొనసాగించాలా అన్నది గుండె డాక్టరు, కాన్పు డాక్టరు కలిసి కూర్చుని తేల్చాల్సిన విషయం. ఆపరేషన్ థియేటర్లో ఎంత గొప్ప సర్జన్ చేశాడన్నదానితో దీనికి సంబంధం లేదు. ఊళ్లో ఆశా కార్యకర్తకు "ఈమెకు వాల్వు ఉంది, నెల తప్పిన వెంటనే చెప్పాలి" అని ఎవరైనా చెప్పారా లేదా, అదీ ప్రశ్న.

ఇక ప్రపంచం సంగతి. భూమ్మీద సుమారు 600 కోట్ల మందికి అవసరమైతే గుండె ఆపరేషన్ అందే పరిస్థితి లేదని అంచనా. మొట్టమొదటి గుండె మార్పిడి 1967 డిసెంబరులో జరిగింది దక్షిణాఫ్రికాలో, కేప్‌టౌన్‌లోని గ్రూట్ షూర్ ఆసుపత్రిలో. యాభై ఏళ్ల తర్వాత అదే కేప్‌టౌన్‌లో సర్జన్లు కూడి, ఈ ఆపరేషన్లు పేద దేశాలకు ఎందుకు చేరలేదని చర్చించి, 2018లో ఒక ప్రకటన వెలువరించారు. అంటే లోపం వాళ్లకూ తెలుసు. బృందాలు వచ్చిపోవడం చాలదని, ఆ దేశాల్లోనే కేంద్రాలు, మనుషులు తయారు కావాలని వాళ్లే అన్నారు.

తేడా ఎక్కడుందో కొన్ని దేశాల్ని చూస్తే తెలుస్తుంది. రువాండాకు అమెరికా, బెల్జియం, ఆస్ట్రేలియాల నుంచి బృందాలు ఏళ్ల తరబడి వంతులవారీగా వచ్చి ఆపరేషన్లు చేసిపోయాయి. ఆ తర్వాతే కిగాలిలోని కింగ్ ఫైసల్ ఆసుపత్రిలో స్థానికంగా ఆపరేషన్లు నడిపే ఏర్పాటు మొదలైంది. సూడాన్ రాజధాని ఖార్టూమ్ దగ్గర ఎమర్జెన్సీ అనే ఇటలీ సంస్థ 2007లో సలాం సెంటర్ తెరిచింది. పూర్తిగా ఉచితం. చుట్టుపక్కల దేశాల నుంచి కూడా రోగులు వచ్చేవాళ్లు. క్యాంపు కాదు, ఏడాది పొడవునా నడిచే ఆసుపత్రి. నాకు ఎంతో ఇష్టమైన ప్రయత్నం అది. 2023 ఏప్రిల్లో అక్కడ యుద్ధం మొదలైంది. వాల్వు వేయించుకుని ఊరొదిలి పారిపోయిన మనిషికి కొత్త చోట గోలీ ఎవరివ్వాలి, రక్తం ఎవరు చూడాలి? అంత మంచి ఆసుపత్రి కట్టినా, గోలీ ఒక్క ఆసుపత్రికే ముడిపడి ఉంటే ఇదే గతి. రోగుల చిట్టా, గోలీ, పరీక్ష జిల్లాల్లో పంచి ఉండాలి.

ఉగాండాలో ఆ పని చేసి చూపించారు. ఉగాండా హార్ట్ ఇన్‌స్టిట్యూట్, అమెరికా పిల్లల డాక్టర్లు కలిసి ఉత్తర ఉగాండాలోని గులు ప్రాంతంలో లక్ష మందికి పైగా పిల్లలకు ఎకో పరీక్ష (గుండె స్కానింగ్) చేశారు. ఏ లక్షణం లేకుండానే వాల్వులో జబ్బు మొదలైన పిల్లల్ని పట్టుకుని, వాళ్లలో కొందరికి నెలనెలా పెనిసిలిన్ వేశారు, కొందరికి వేయలేదు. రెండేళ్లకు సూది వేయించుకోనివాళ్లలో 8.2 శాతం మందికి జబ్బు ముదిరింది. వేయించుకున్నవాళ్లలో 0.8 శాతం మందికే. 2021లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. అంకెల కంటే నాకు నచ్చింది వాళ్లు పెట్టుకున్న ఏర్పాటు. రుమాటిక్ రోగుల రిజిస్టరు రాజధాని కంపాలాతో ఆగకుండా గులు, లిరా, ఎంబరారా లాంటి చోట్లా ఉంది. చేతిలో పట్టుకునే చిన్న ఎకో యంత్రంతో నర్సులు పరీక్ష చేసేలా తర్ఫీదు ఇచ్చి చూశారు. ఆ ఒప్పందంలో అమెరికావాళ్లు రేపు రాకపోయినా రిజిస్టరు ఉంటుంది, నర్సు ఉంటుంది.

ఇదేదో ఆఫ్రికా కథ అనుకోకండి. మనమూ అలా నేర్చుకున్నవాళ్లమే. 1949లో రీవ్ బెట్స్ అనే అమెరికన్ సర్జన్ వేలూరు సీఎంసీ ఆసుపత్రికి వచ్చి దేశంలోనే మొదటి ఛాతీ శస్త్రచికిత్స విభాగం పెట్టారు. పది రోజుల క్యాంపుకు రాలేదు, ఏళ్ల తరబడి ఉండి మనవాళ్లను తయారు చేశారు. ఆయన దగ్గర నేర్చుకున్న ఎన్. గోపీనాథ్ 1960ల మొదట్లో అదే వేలూరులో ఆపరేషన్ సేపు గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్‌లంగ్ మెషిన్ పెట్టి గుండె తెరిచి ఆపరేషన్ చేశారు, ఆ తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌కు వెళ్లి అక్కడ ఇంకొంతమందిని తయారు చేశారు. బ్రిటన్, అమెరికాల్లో నేర్చుకుని వచ్చిన ఎం.ఎస్. వలియాథన్ తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో దేశీ వాల్వు మీద పడ్డారు. మొదటి మూడు నమూనాలూ పనికిరాలేదు. నాలుగోది నిలబడింది. 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి వేశారు. దిగుమతి వాల్వుల కంటే బాగా చౌకైన ఆ టీటీకే చిత్ర వాల్వు ఇప్పటికి లక్ష గుండెలకు పైగా చేరింది. విదేశంలో నేర్చుకున్న చదువు ఇలా అక్కరకొచ్చింది. మూడు నమూనాలు పోయినా జీతం, ల్యాబు ఆగకుండా ఇచ్చిన ఒక ప్రభుత్వ సంస్థ వెనక ఉండబట్టి అది సాధ్యమైంది. దాత సంస్థల మూడేళ్ల ప్రాజెక్టుల్లో ఆ ఓపిక నేనెక్కడా చూడలేదు.

నల్లగొండవాడిగా ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. మా జిల్లా పేరు ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకాల్లో ఉంది. ఫ్లోరైడ్ నీళ్లలో పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1970ల్లో రూపొందించారు, దాని పేరే నల్లగొండ టెక్నిక్. టాంజానియా లాంటి దేశాల్లో రెండు బకెట్ల పద్ధతిగా దాన్ని వాడి చూశారు. కానీ రోజూ నీళ్లను బట్టి పటిక ఎంత వేయాలో ఎవరో ఒకరు చూడాలి, అడుగున పేరుకున్న బురద ఎవరో ఒకరు తీయాలి. ఆ "ఎవరో ఒకరి"కి జీతం పెట్టనిచోట అది నడవలేదు. కాళ్లు వంకరపోయిన మావాళ్ల ఫొటోలు ఎన్నో దేశాలకు పోయాయి. చివరికి ఫ్లోరైడ్ ఊళ్లకు ఊరటనిచ్చింది కృష్ణ నీళ్లు, పైపులు, వాటికి ఏటా కేటాయించే బడ్జెట్టు.

యంత్రాల సంగతీ అంతే. ఈ ప్రాంతంలోనే ఒక ఆసుపత్రికి బయటి దేశపు దాతలు ఈసీజీ మెషిన్ ఇచ్చారు. కొత్తది, మంచిది. కొన్నాళ్లకు అక్కడి సిస్టర్ నాకు ఫోన్ చేసి పేపర్ రోల్ కావాలంది. సైజు కొలిచి చెప్పమంటే చెప్పింది. ఆ వెడల్పు రోల్ నల్లగొండలో లేదు, కోఠిలో అడిగించినా లేదు. దగ్గరి సైజు తెచ్చి, అంచు కత్తెరతో కత్తిరించి పెడితే రెండు రోజులు నడిచి ఇరుక్కుపోయింది. ఇప్పుడు దాని మీద గుడ్డ కప్పి ఉంది, ఇచ్చినవాళ్ల పేరున్న స్టిక్కరు మాత్రం మెరుస్తోంది. ఛాతీ నొప్పితో వచ్చినవాడికి మొదటి పది నిమిషాల్లో కావాల్సింది ఆ కాగితమే. యంత్రం ఇచ్చేవాళ్లు ఐదేళ్లకు సరిపడా రోల్సు, పాడైతే బాగుచేసే మనిషి ఫోన్ నంబరు కూడా ఇవ్వకపోతే వద్దనే హక్కు తీసుకునేవాళ్లకు ఉండాలి. ఉచితంగా వచ్చినదాన్ని వద్దనడం మనకు అలవాటు లేదు, అది వేరే సంగతి.

నామీద ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. "నీ ఏర్పాట్లన్నీ అయ్యేదాకా ఈ పిల్లను చావనిస్తావా?" అని. లేదు. ఎవరు వచ్చినా, ఎన్ని రోజులకు వచ్చినా ఆపరేషన్లు జరగాల్సిందే. గుండెలో రంధ్రం పూడ్చిన పిల్లల్లో చాలామందికి ఆ తర్వాత పెద్దగా మందులుండవు కూడా, వాళ్ల విషయంలో క్యాంపు పూర్తి న్యాయమే చేస్తుంది. నా పట్టుదల వాల్వుల దగ్గర, రుమాటిక్ జబ్బు దగ్గర. పైగా డబ్బు కట్టడమే సమస్య అనే రోజులు మనకు కొంత గడిచాయి. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్లో మొదలైంది మూడు వెనకబడిన జిల్లాల్లో, అందులో ఒకటి మన మహబూబ్‌నగర్. ఇప్పుడు పరిమితి 10 లక్షలకు చేరింది. ఆపరేషన్ డబ్బు సర్కారు కడుతోంది, నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో, సూర్యాపేటలో, నాగర్‌కర్నూల్‌లో, వనపర్తిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. అయినా తండా మనిషి ఐఎన్ఆర్ హైదరాబాద్ బస్సెక్కే పోతోంది.

ఇంకోవైపు, మనం ఇప్పుడు ఇచ్చేవాళ్ల వరసలోకి కూడా వచ్చాం. హైదరాబాద్ పెద్దాసుపత్రుల కారిడార్లలో ఆఫ్రికా దేశాల కుటుంబాలు కనబడని రోజుండదు. టాంజానియా ఏళ్ల తరబడి తన గుండె రోగుల్ని భారత్‌కే పంపింది. 2015లో దారెస్సలాంలో జకాయా కిక్వెటే కార్డియాక్ ఇన్‌స్టిట్యూట్ పెట్టుకున్నాక వాళ్ల ఆపరేషన్లు వాళ్లే చేసుకోవడం పెరిగింది. మన ఆసుపత్రులకు రాబడి తగ్గుతుందని బాధపడేవాళ్లు ఉంటారేమో, నాకైతే అది శుభవార్త. రోగుల్ని రప్పించుకోవడం వ్యాపారం. దాన్ని భాగస్వామ్యమని పిలవడం మానేసి, అక్కడ హార్ట్‌లంగ్ మెషిన్ నడిపే పర్ఫ్యూజనిస్టును, ఐసీయూ నర్సును ఇక్కడ ఏడాదిపాటు ఉంచుకుని నేర్పి పంపితే ఆ పేరు పెట్టుకోవచ్చు.

మన జిల్లాలకు కావాల్సింది కొత్త భవనమేం కాదు. బీపీ, షుగర్ వాళ్లకు ఇప్పటికే ఎన్‌సీడీ (అంటువ్యాధులు కాని జబ్బుల) క్లినిక్కులున్నాయి, ఆశా కార్యకర్తలు ఇంటికి మందుల కిట్టు చేరవేస్తున్నారు. ఆ జాబితాలోనే వాల్వు ఉన్నవాళ్లు, పెనిడ్యూర్ మీద ఉన్నవాళ్లు చేరాలి. 21 రోజులు దాటితే ఫోన్ చేయడానికి ఒక రిజిస్టరు ఉండాలి. వేలి చివర రక్తపు చుక్కతో ఐఎన్ఆర్ చెప్పే చిన్న మిషన్ ఏరియా ఆసుపత్రికొకటి ఉండాలి. దాని స్ట్రిప్పులే ఖరీదు. సాయం చేస్తామని వచ్చే విదేశీ సంస్థలు ఉంటే అక్కడ పెట్టనీయండి డబ్బు. మొదటి ఏడాది స్ట్రిప్పుల ఖర్చు మొత్తం వాళ్లది, రెండో ఏడాది ముప్పావు, ఐదో ఏడాదికి పూర్తిగా మన బడ్జెట్టులో పద్దు. ఆ లెక్క ఒప్పందం మొదటి పేజీలోనే ఉండాలి.

మొదలుపెట్టడానికి అంతవరకూ ఆగక్కర్లేదు కూడా. ఈసారి విదేశీ బృందం నిమ్స్‌కు వచ్చినప్పుడు దేవరకొండ నుంచి ఒక నర్సును, అచ్చంపేట నుంచి ఒకరిని ఆ పది రోజులూ అక్కడే ఉంచండి. ఏ పిల్లకు ఏం చేశారో, ఏ మందు ఎన్నాళ్లో, ఏం జరిగితే ఎవరికి ఫోన్ చేయాలో రాసుకుని, సర్జన్ నంబరుతో సహా వెనక్కి రావాలి. వాళ్ల టీఏ, డీఏ డీఎంహెచ్‌వో ఆఫీసు భరించలేనంతేమీ కాదు.